అరవై నిండిన ఏడాది పుట్టింటికి సైకిల్ మీద: ఎలా సిద్ధం కావాలి

మన తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. అందుకే అరవై ఏళ్లు నిండేసరికి మనం పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగి వస్తుంది. మా ఆయనకు అది వచ్చినప్పుడు షష్టిపూర్తి చేశాం. హోమం, కొత్త బట్టలు, మళ్లీ మంగళసూత్రం, ఊరంతా భోజనాలు. నేను పుట్టింది విశ్వావసులో. 2025లో ఆ పేరు తిరిగొచ్చింది కానీ, ఆడవాళ్లకు విడిగా అలాంటి వేడుక మా ఇళ్లలో లేదు. మా అమ్మాయి ‘నీకేం కావాలమ్మా’ అని అడిగితే, రాజమండ్రి నుంచి కోనసీమ చివర సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాలని ఉంది అన్నాను. ఆ దారిలోనే మలికిపురం దగ్గర మా పుట్టిల్లు. హైస్కూలు రోజుల్లో నాన్నగారి పెద్ద సైకిల్‌కి బారు కిందుగా కాలు దూర్చి తొక్కిన రోడ్లు అవి.

డిసెంబరులో వెళ్లాను, రెండు రోజులు, సుమారు 120 కిలోమీటర్లు. మీకు యాభై నిండుతున్నా, అరవై నిండుతున్నా, ఇలాంటిది ఒకటి చేయాలని మనసులో ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు వెళ్లాల్సిన చోటు, తర్వాతే దూరం

చాలామంది అంకెతో మొదలుపెడతారు. యాభై ఏళ్లకు వంద కిలోమీటర్లు, అరవైకి రెండు వందలు అని. అలా వద్దు. మీకోసం ఎవరో ఒకరు గుమ్మంలో ఎదురుచూసే ఊరిని ఎంచుకోండి. పుట్టిల్లు కావచ్చు, చదువుకున్న ఊరు కావచ్చు, మొక్కున్న గుడి కావచ్చు. మూడో నెలలో తెల్లవారుజామున ఐదింటికి అలారం మోగినప్పుడు మిమ్మల్ని లేపేది ఆ ఊరే. అంకెకు అంత శక్తి ఉండదు.

ఊరు తేలాక దూరాన్ని రోజులుగా విడగొట్టండి. కొత్తగా మొదలుపెట్టి మూడు నెలలు సాధన చేసిన యాభై, అరవై ఏళ్ల మనిషికి చదును రోడ్డు మీద రోజుకు 50 నుంచి 65 కిలోమీటర్లు హాయిగా సాగుతుంది. సాయంత్రం నలుగురితో కూర్చుని కబుర్లు చెప్పే ఓపిక మిగలాలి. అదే కొలత. గంటకు 14 కిలోమీటర్లు వేసుకుంటే 65 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలకు పైన పడుతుంది. టిఫిను, టీ, కొబ్బరిబోండాలు, ఫొటోలు కలిపితే ఏడు గంటలు. పొద్దున ఆరున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం ఒకటిన్నరకు చేరతారు.

ఘాట్ రోడ్డు ఉన్న దారి మొదటిసారికి వద్దు. గోదావరి డెల్టా మంచి ఎంపిక, ఎక్కుడు అంటే వంతెనలే.

తేదీ

పుట్టినరోజు మే నెలలో వస్తే ఆ తేదీకే పట్టుబట్టకండి. కోస్తాలో ఆ ఎండకు, ఉక్కకు పెద్ద వయసులో సైకిల్ తొక్కడం ప్రమాదం. కేకు మేలో కోసుకుని, ప్రయాణం డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. అక్టోబరు, నవంబరులో తుఫాన్లు వస్తుంటాయి. కోనసీమకు వెళ్లేవాళ్లు మరో రెండు విషయాలు చూసుకోవాలి. సంక్రాంతి మూడు రోజులు, ముఖ్యంగా ప్రభల తీర్థం జరిగే కనుమ నాడు రోడ్లు జనంతో నిండిపోతాయి. భీష్మ ఏకాదశి సమయంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణోత్సవాలు. అప్పుడు గది దొరకదు, సైకిల్ నడిపించుకుని వెళ్లడమే కష్టం.

డాక్టరు దగ్గరకు

ఇది వదలకండి. బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకుని, ‘మూడు నెలల తర్వాత రోజుకు ఐదు గంటలు సైకిల్ తొక్కబోతున్నాను’ అని స్పష్టంగా చెప్పండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో లేదో ఆయన నిర్ణయిస్తారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు రైడ్ రోజుల్లో మోతాదు ఎలా ఉండాలో ముందే అడగాలి. సొంతంగా మానేయకూడదు. షుగరు ఉన్నవాళ్లు గ్లూకోజు పొట్లం చేతికందే జేబులో పెట్టుకోవాలి, వెనక బ్యాగులో కాదు. సాధనలో ఎప్పుడైనా ఛాతీలో పట్టేసినట్టు అనిపించినా, కళ్లు తిరిగినా ఆ రోజుకు ఆపేసి డాక్టరుకు చెప్పండి.

సైకిల్

పాత గేర్లు లేని సైకిల్ మీద కూడా వెళ్లొచ్చు. కానీ ఏడు గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ అయితే మోకాళ్లకు సుఖం. అసలు ముఖ్యం సైజు. నేను మొదట కొన్న సైకిల్‌ని ‘ఇదే అందరూ తీసుకుంటారమ్మా’ అని ఒక దుకాణంవాళ్లు అంటగట్టారు. ఫ్రేము నాకు పెద్దది. రెండు వారాలకే మెడ, భుజాలు పట్టేశాయి. చివరికి దాన్ని మా తమ్ముడి కొడుక్కి ఇచ్చి చిన్న ఫ్రేముది తీసుకున్నాను. కొనేముందు రెండు కాళ్లూ నేల మీద ఆనించి బారుకు అటూ ఇటూ నిలబడండి. బారుకూ మనకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉండాలి.

సీటు ఎత్తు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందికి దించి మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. తర్వాత తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు. మనవాళ్లు ఎక్కువమంది సీటు కిందికి దించుకుని తొక్కుతారు, మోకాళ్ల నొప్పులకు సగం కారణం అదే.

మెత్తటి దూది సీటు చూసి మోసపోకండి. పది కిలోమీటర్లు బాగుంటుంది, ముప్పై దాటాక ఒరుసుకుపోతుంది. ఆడవాళ్లకు కూర్చునే ఎముకల మధ్య దూరం ఎక్కువ, వెనక వెడల్పుగా ఉండి కాస్త గట్టిగా ఉండే సీటు కావాలి. దాంతోపాటు ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. నేను పైన వదులు కుర్తా వేసుకున్నాను. తొడల దగ్గర వ్యాజిలీన్ రాసుకుంటే చాలు. చున్నీ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. చైన్లో పడితే మనిషిని లాగేస్తుంది. ప్యాంటు వేసుకుంటే కుడి కాలికి రబ్బరు బ్యాండు పెట్టుకోండి.

హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు, హ్యాండిల్‌కి చిన్న అద్దం తప్పనిసరి.

పంక్చరు

దీనికి భయపడే చాలామంది ఆగిపోతారు. ఇంట్లో రెండుసార్లు మీ చేతులతో మీరే వేసి చూడండి, భయం పోతుంది. టైరు అంచు లేపే ప్లాస్టిక్ లీవర్లు రెండు, ఒక కొత్త ట్యూబు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం ముక్క, చిన్న చేతి పంపు. ఇవన్నీ సీటు కింద సంచిలో పడతాయి.

చక్రం ఊడదీసి, టైరును ఒకవైపు అంచు లేపి ట్యూబు బయటకు లాగండి. గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. దారిలో నీళ్లు లేకపోతే ట్యూబును పెదవులకు దగ్గరగా పెట్టి తిప్పండి, సన్నగా గాలి తగులుతుంది. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, అది ఆరి జిగటగా అయ్యేదాకా ఆగాలి. తొందరపడి తడిమీద అంటిస్తే నిలవదు. తర్వాత ప్యాచ్ పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కండి.

ఇక అందరూ మర్చిపోయే పని. టైరు లోపలి వైపు మొత్తం దూది ముక్కతో నెమ్మదిగా తుడవండి. ముల్లు ఉన్నచోట దూది పట్టుకుంటుంది. నాకు సాధనలో ఒకే ఉదయం రెండు పంక్చర్లయ్యాయి. రెండోసారి దూదితో చూస్తే పల్లేరుకాయ ముల్లు కొన, గోరు చివరంత, రబ్బరులోనే ఇరుక్కుని ఉంది. బయట నుంచి కనిపించనే లేదు. తుమ్మ ముల్లు కూడా అంతే. గట్ల మీద, రోడ్డు పక్క మట్టి మీదకు దిగితే ఈ రెండూ తగులుతాయి. వీలైనంత వరకు తారు మీదే ఉండండి.

ఇంకొకటి. కొన్ని సైకిళ్లకు సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వు వస్తుంది. పల్లెటూరి పంక్చరు షాపులో పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని తాళంచెవులతో పాటు కట్టుకోండి.

పద్నాలుగు వారాలు

మొదటి నాలుగు వారాలు, వారానికి మూడు రోజులు 8 నుంచి 10 కిలోమీటర్లు. ఆదివారం మాత్రం 15తో మొదలుపెట్టి 20కి రండి. నేను పుష్కర్ ఘాట్ నుంచి గోదావరి గట్టు వెంట తిరిగేదాన్ని. తర్వాత నాలుగు వారాల్లో ఆదివారం రైడ్ 25 నుంచి 35కు పెరగాలి. కడియం నర్సరీల దాకా వెళ్లి, ఒక టీ తాగి, ఒక మొక్క కొనుక్కుని వచ్చేదాన్ని. తొమ్మిదో వారం నుంచి 40, 45, 50. ఈ దశలో ఒక్కసారైనా శనివారం 40, వెంటనే ఆదివారం 30 తొక్కాలి. రెండో రోజు పొద్దున నొప్పి కాళ్లతో సీటు ఎక్కడం ఎలా ఉంటుందో శరీరానికి ముందే తెలియాలి. మొత్తం ప్రణాళికలో ఒకే ఒక్క రైడ్ మీద పట్టుబట్టమంటే దీని మీదే పడతాను. ప్రతి నాలుగో వారం దూరం కాస్త తగ్గించండి. చివరి రెండు వారాలు సగానికి దించేయండి. ‘ఇంకొంచెం తొక్కితే మంచిదేమో’ అని టెన్షన్ పడి చివరి వారం ఎక్కువ చేయకండి, ఆ అలసట ప్రయాణంలోకి వస్తుంది.

వేగం సంగతి: పక్కన తొక్కేవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే గేరు తగ్గించండి. బరువు గేరులో గట్టిగా తొక్కడం కన్నా తేలిక గేరులో కాళ్లు చకచకా తిరగడం మోకాళ్లకు మంచిది. వంతెన వచ్చాక కాదు, రాకముందే గేరు మార్చుకోవాలి.

తిండి, నీళ్లు, బాత్రూము

ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. ప్రతి ముప్పావుగంటకు ఏదో ఒకటి నోట్లో పడాలి. ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, బెల్లం వేరుశనగ ఉండ, ఏదైనా సరే. పొద్దున ఇడ్లీ మంచిది. నూనె ఓడే పూరీ, పెసరట్టు ఉప్మా గమ్యం చేరాక తినండి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కన్నా కీడు. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. కోనసీమలో కొబ్బరిబోండానికి కొదవ లేదు. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఉప్పు. అందుకని బోండాంతో పాటు ఉప్పు తగిలిన పల్లీలు నాలుగు తినండి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు, కొబ్బరినీళ్ల విషయం డాక్టరును అడిగి చేయాలి.

ఆడవాళ్లకు ఒక మాట. దారిలో బాత్రూము దొరకదని నీళ్లు తాగడం మానేస్తాం. చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది. సైకిల్ మీద అది ఒంటికి చాలా చేటు. ముందే మ్యాపులో పెట్రోలు బంకులు, బస్టాండ్లు, తెలిసినవాళ్ల ఇళ్లు గుర్తు పెట్టుకోండి. ప్రతి 15 కిలోమీటర్లకు ఒకటి ఉండేలా చూసుకుంటే ధైర్యంగా నీళ్లు తాగొచ్చు. మా అత్తగారి తరఫు చుట్టం ఒకావిడకు రావులపాలెంలో ముందే ఫోన్ చేసి చెప్పాను. బాత్రూముకని ఆగితే టిఫిను పెట్టకుండా పంపలేదు.

మేం వెళ్లిన దారి

రాజమండ్రి నుంచి రావులపాలేనికి హైవే ఉంది. లారీల వేగానికి పక్కన సైకిల్ ఊగిపోతుంది, అటు వెళ్లకండి. ధవళేశ్వరం మీదుగా వెళ్లండి. కాటన్ దొర కట్టించిన తొలి ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది, మూడున్నర కిలోమీటర్ల పొడవు. పొద్దున్నే మంచులో దాటుతుంటే కుడివైపు నిండు గోదావరి, ఎడమవైపు ఇసుక తిన్నెలు. లైట్లు రెండూ వేసుకుని, ఆగకుండా దాటండి, రోడ్డు ఇరుకు. బొబ్బర్లంక దగ్గర దిగితే మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. దాని వెంటే ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. లొల్ల దగ్గర కాలువ పాయలుగా విడిపోయి నీళ్లు హోరుమంటూ దూకుతాయి. అక్కడ ఒక అరగంట కూర్చోండి, టైము పోతోందని చూడకండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోండి కానీ నెయ్యి బాగా ఉంటుంది కాబట్టి దారిలో ఒక్కటి చాలు.

కాలువ గట్టు రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే కాలు కింద పెట్టి ఆగిపోవడమే మేలు. డిసెంబరులో సార్వా వరి కోతలు అయి ఉంటాయి, రైతులు ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కకండి. టైరు జారుతుంది, పైగా అది వాళ్ల ఏడాది కష్టం. దిగి పక్కగా నడిపించుకు వెళ్లండి. చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద అసలు వద్దు, వెనక లైటు లేని బళ్లు చాలా తిరుగుతాయి.

మొదటి రాత్రి అమలాపురంలో ఆగాం. సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారా అని ఫోన్లోనే అడిగి లాడ్జి బుక్ చేసుకోండి. రెండో రోజు అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం, అంతర్వేది, సుమారు 55. గన్నవరంలో వైనతేయ గోదావరి మీద అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినా ఆకలి అన్నవాళ్లకు అన్నం పెట్టిన తల్లి. కింద నది, దాని మీద కాలువ, పక్కన మనం. చిన్నప్పుడు బస్సులో దాటిన చోటు సైకిల్ మీద దాటుతుంటే కళ్లు చెమర్చాయి.

రెండో రోజు నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. రాజోలులో స్నేహితురాలి ఇంట్లో భోజనానికి ఆగి పన్నెండున్నర దాటాక బయలుదేరాను. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీది నుంచి నేల మీదకు గాలి మళ్లుతుంది. మనం సముద్రం వైపే వెళ్తున్నాం కదా, ఎదురుగాలి. గంటకు 14 పోయేదాన్ని 9కి పడిపోయాను. సముద్రానికి దగ్గరయ్యే చివరి పాతిక కిలోమీటర్లు పదకొండు లోపు అయిపోయేలా చూసుకోండి, భోజనం చేరాకే.

ఇంట్లోవాళ్లు

వెనక కారు, ముందు బ్యానరు లాంటివి వద్దని మొదటే చెప్పేశాను. మా ఆయన స్కూటరు మీద సామాను పెట్టుకుని ప్రతి 15 కిలోమీటర్లకు ముందు వెళ్లి ఆగేవారు. అది చాలు. పక్కనే నెమ్మదిగా నడిపితే మనకూ ఇబ్బంది, వెనకవాళ్లకూ ఇబ్బంది. మా అమ్మాయి నాతో తొక్కింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు లైవ్ లొకేషన్ ఇంట్లో ఇద్దరికి పంపండి. పేరు, రక్తం గ్రూపు, మందులు, ఇంటి నంబరు రాసిన కాగితం జేబులో ఉండాలి. కలవాలనుకునే చుట్టాలను దారి పొడుగునా కాకుండా చివరి ఊరికే రమ్మనండి. ప్రతి ఊళ్లో ఆగి కాఫీ తాగితే రోజు చాలదు, కాదంటే వాళ్లు నొచ్చుకుంటారు.

తిరుగు ప్రయాణం

మళ్లీ తొక్కుకుంటూ రావాలని పెట్టుకోకండి. అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు అనే పెద్ద పడవ ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం. సైకిల్‌ని పంటు మీదకు నడిపించుకు వెళ్లొచ్చు, చిల్లర దగ్గర పెట్టుకోండి. నది వరద మీదుంటే పంటు ఆపేస్తారు, డిసెంబరులో ఆ బెడద తక్కువ. నరసాపురంలో రైలుంది. సైకిల్‌ని పార్శిల్ ఆఫీసులో బుక్ చేయాలి, రైలు టైముకు రెండు గంటల ముందే వెళ్లండి. పెడళ్లు ఊడదీసి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గేర్ల దగ్గర అట్టముక్క కట్టి, పేరు, ఫోన్ నంబరు రెండు చోట్ల రాయండి.

అయితే రైలెక్కేముందు సైకిల్‌కి ఒక పని ఉంది. సముద్రపు గాలికి, ఇసుకకు చైను ఒక్క రాత్రిలో తుప్పు రంగు తిరుగుతుంది. చేరిన సాయంత్రమే మంచినీళ్లతో తుడిచి, ఆరాక నూనె వేయాలి. నేను స్నానం చేసి వచ్చేసరికి మా అన్నయ్య అరుగు మీద సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, పాత పంచె ముక్కతో చైను లంకె లంకె తుడుస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ‘నూనె సీసా ఎక్కడ పెట్టావే’ అని అడిగాడు.